పుట్టుమచ్చా, దెబ్బ మచ్చా?

(పాస్టరేటు పురుషుల సమాజ కూటములో కానుకలు లెక్కించువారి పక్షముగా చేసిన ప్రసంగ పాఠము)



డయోసిస్ నూరేండ్ల పండుగ సందర్భమున సంఘ చరిత్రను గూర్చియు, మన పాఠశాలలను, ఆసుపత్రులను గూర్చియు పెద్దలు మాటలాడుచున్నారు. మాకు అప్పగింపబడిన పని చిన్నది. ఆరాధన ముగిసిన తరువాత కానుక సంచులను బల్లమీద కుమ్మరించి లెక్కించువారము మేము. కనుక మా చేతికి తెలిసిన సంగతినే చెప్పుదుము. అది చిల్లర నాణెములను గూర్చినది.

కానుకలలోను, బజారులోను అప్పుడప్పుడు వింత నాణెములు కనబడును. ఒకదాని అంచు ఎలుక కొరికినట్లుండును. ఒకదానిమీద గీత యుండును. ఇంకొకదానిమీద సంవత్సరము కనబడదు. అట్టిదానిని చూడగానే ఒకరు “ఇది చెల్లదు” అందురు. మరొకరు “దీనికి లక్షలు వచ్చును” అందురు. చాలసార్లు ఆ రెండు మాటలును తప్పే. ఆ రెండు మాటలవలన నష్టపడువారు మాత్రము పేదవారు. మిరప కోతకు పోయి సాయంకాలము కూలి డబ్బు తెచ్చుకొన్న తల్లి చేతిలోని పది రూపాయల బిళ్ళను దుకాణములో కాదన్నచో, ఆ పూట ఆమె ఇంటిలో కూర తగ్గును. లక్షలు వచ్చునని నమ్మి ఎవరికో ముందుగా రుసుము కట్టిన యువకునికి చేతిలోని డబ్బు కూడ పోవును. అందుచేత ఈ సంగతి తెలిసికొనుట కాలక్షేపము మాత్రమే కాదని మా అభిప్రాయము.

ఏ వింత నాణెమునైనను చూచినప్పుడు మనము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ మచ్చ దీనితోకూడ పుట్టినదా, లేక పుట్టిన తరువాత తగిలినదా? టంకసాలలో ముద్ర పడకముందో, పడుచుండగానో జరిగిన లోపము పుట్టుమచ్చ వంటిది. టంకసాల దాటిన తరువాత సుత్తి, ఆకురాయి, నిప్పు, రైలు చక్రము చేసినది దెబ్బ మచ్చ. నాణెములు సేకరించువారు విలువ నిచ్చునది మొదటిదానికే. రెండవదానికి ముఖవిలువకంటె ఎక్కువ రాదు, ఒక్కొక్కప్పుడు అదియు రాదు.

నాణెము పుట్టుక

పుట్టుమచ్చ గుర్తుపట్టవలెనన్న పుట్టుక తెలియవలెను. మన దేశములో నాలుగు టంకసాలలు కలవు. అవి కలకత్తా, బొంబాయి, హైదరాబాదు, నోయిడా. నాణెముమీద సంవత్సరము క్రింద చూడుడి. వజ్రపు గుర్తున్నచో బొంబాయిది. నక్షత్రమున్నచో మన హైదరాబాదుది. గుండ్రని చుక్క ఉన్నచో నోయిడాది. ఏ గుర్తును లేనిచో కలకత్తాది. “గుర్తు పడలేదు, ఇది పొరపాటు నాణెము” అని కొందరు కలకత్తా నాణెములను దాచుకొనుచున్నారు. అది పొరపాటు కాదు. ఆ టంకసాల పద్ధతియే అది. మరియు 1985లోను, 1990ల చివరను మన నాణెములు కొన్ని విదేశములలో ముద్రింపబడినవి. వాటిమీద వేరు గుర్తులుండును. అవియు మంచి నాణెములే.

హైదరాబాదు టంకసాల 1803లో నిజాము సికందర్ జా కాలమున మొదలైనది. 1903లో సైఫాబాదునకు వచ్చి యంత్రములతో నడిచినది. 1950లో కేంద్ర ప్రభుత్వము క్రిందికి వచ్చి, 1997లో చర్లపల్లికి మారినది. సైఫాబాదు పాత కట్టడములో 2022లో ఒక ప్రదర్శనశాల తెరిచినారు. హైదరాబాదు పోవు మన యువకులు దానిని చూచుట మంచిది.

అక్కడ జరుగు పని ఇట్లుండును. లోహపు రేకును పరచి దానినుండి గుండ్రని బిళ్ళలను యంత్రము కోయును. ఆ బిళ్ళలను కొలిమిలో కాచి మెత్తబరచి, కడిగి శుభ్రము చేయుదురు. తరువాత అంచును నొక్కి కొంచెము గట్టు లేపుదురు. చివరకు ఆ బిళ్ళ క్రింది అచ్చుకు, పై అచ్చుకు నడుమకు వచ్చును. చుట్టును ఒక ఉక్కు ఉంగరము దానిని పట్టుకొనును. పై అచ్చు ఒక్క దెబ్బ కొట్టగానే బొమ్మయు, బొరుసును ఒకేసారి పడును. బిళ్ళ కోయునప్పుడు ఒక రకపు లోపము, అచ్చు పగిలినప్పుడు మరియొక రకము, దెబ్బ పడునప్పుడు ఇంకొక రకము కలుగవచ్చును. ప్రతి లోపమును తన జాడ తాను విడిచిపెట్టును.

ఉబ్బెనా, లోతా?

మొదటి పరీక్షకు వేలిగోరు చాలును. నాణెముమీద గీత కనబడినచో, అది పైకి ఉబ్బియున్నదా, లోపలికి దిగియున్నదా చూడవలెను.

మన ఊళ్ళలో ఇటుకలు కోయుట అందరు చూచినదే. ఇటుక అచ్చులో పగులు ఉన్నచో మట్టి ఆ పగులులోనికి పోయి, ప్రతి ఇటుకమీదను ఉబ్బెత్తు గీత పడును. ఆరిన ఇటుకమీద పుల్లతో గీచినచో గీత లోపలికి పడును. నాణెము సంగతియు ఇంతే. ఉక్కు అచ్చు లక్షల దెబ్బలు కొట్టి కొట్టి పగిలినప్పుడు, ఆ పగులులోనికి లోహము పోయి నాణెముమీద సన్నని ఉబ్బెత్తు గీతగా నిలుచును. అది తరచుగ అంచునుండి బయలుదేరి అక్షరముల మీదుగా వంకరటింకరగా పోవును. అచ్చు అంచుముక్క విరిగి పడిపోయినచో, నాణెపు అంచున అక్షరములు లేని లోహపు ముద్ద కనబడును. ఇవి నిజమైన పుట్టుమచ్చలు.

లోపలికి దిగిన గీత, దాని ఇరుప్రక్కల లోహము చెదరి లేచిన గీత, తరువాత పడిన గాటు. మేకుతో గీచినను, చాకుతో గీచినను అట్లే యుండును. కానుకలలో మేము చూచు గీతలలో ఎక్కువ భాగము ఈ రెండవ రకమే.

కొరికినట్లున్న అంచు

క్రిస్మసు కజ్జికాయలకు మన స్త్రీలు పిండిని పెద్దదిగా ఒత్తి, డబ్బా మూతతో గుండ్రముగా కోయుదురు. మూత అంతకుముందు కోసిన ఖాళీమీదికి కొంచెము జరిగినచో, తరువాతి పూరీకి ఒక ప్రక్క నెలవంక ఆకారమున కొరత వచ్చును. టంకసాలలో రేకు సరిగా జరుగనప్పుడు బిళ్ళకును ఇదే జరుగును. దానికి ముద్ర వేసినప్పుడు అంచు కొరికినట్లున్న నాణెము తయారగును.

ఆకురాయితో రాచియో, కత్తిరించియో ఇట్టిదానిని ఎవరైనను చేయవచ్చును గదా అని మీరడుగుదురు. నిజమే. అందుకే కొరత ఉన్నచోట మాత్రమే చూడక, దానికి సరిగా ఎదుటి అంచును చూడవలెను. బిళ్ళ అంచును నొక్కి గట్టు లేపునప్పుడు, ఒక ప్రక్క లోహము లేకపోవుటచేత ఎదుటి ప్రక్కను ఒత్తిడి చాలదు. అందుచేత నిజమైన నాణెములో కొరతకు ఎదురుగా అంచు గట్టు పలుచబడియో, మాసియో యుండును. కొరత దగ్గరి అక్షరములు కూడ అటువైపు కొంచెము సాగి, క్రమముగ సన్నబడును. చేతితో కోసినదానిలో ఎదుటి అంచు చక్కగా నిండుగా యుండును. అక్షరములు కత్తితో తెగినట్లు ఆగిపోవును. కోసినవాడు ఒక ప్రక్కనే కోయును, ఎదుటి ప్రక్క సంగతి అతనికి తెలియదు.

బొమ్మా బొరుసా

మన నాణెములను పుస్తకపు పుట త్రిప్పినట్లు ప్రక్కకు త్రిప్పినచో రెండు వైపులను నిటారుగా నుండవలెను. సింహపు తల పైకి నిలిపి పట్టుకొని ప్రక్కకు త్రిప్పుడి. వెనుక అంకె వాలియున్నను, తలక్రిందులుగా నున్నను, అచ్చులలో ఒకటి తన స్థానమునుండి తిరిగినదని అర్థము. సుత్తితో కొట్టినను, నిప్పులో వేసినను నాణెపు ఒక వైపు ముద్ర రెండవ వైపునుండి తిరుగదు. కనుక ఇట్టిది టంకసాలలో కలిగిన లోపమే అని నమ్మకముగ చెప్పవచ్చును. అయితే మన దేశపు నాణెములలో ఇది అంత అరుదైనది కాదు. కొంచెము వాలినదానికి ఎవరును పెద్ద వెల ఇయ్యరు.

బిళ్ళ ఉక్కు ఉంగరములో సరిగా కూర్చుండక ముందే దెబ్బ పడినచో ముద్ర ఒక ప్రక్కకు జరిగిపోవును. ఒక ప్రక్క నెలవంకవలె ఖాళీ లోహము మిగులును, రెండవ ప్రక్క అక్షరములు బయటికి పోవును. ఉంగరము పట్టు లేదు గనుక నాణెము సరియైన గుండ్రముగా ఉండదు. బరువు మాత్రము తగ్గదు. ఒక ప్రక్క అరగదీసి ఇట్టిదని చూపు నాణెములో బరువు తగ్గును.

మరియొకటి మిక్కిలి వింతైనది. ముద్ర పడిన నాణెము ఒక్కొక్కప్పుడు అచ్చుకే అంటుకొనిపోవును. తరువాత వచ్చిన బిళ్ళకు ఆ నాణెమే అచ్చు పని చేయును. అప్పుడు ఒక వైపు ముద్ర సరిగా పడి, రెండవ వైపు అదే బొమ్మ అద్దములో చూచినట్లు తలక్రమము మారి, లోతుగా పడును. దీనిని చూచి కొందరు మోసము చేయుదురు. రెండు నాణెములను కలిపి వైస్‌లో బిగించినచో ఒకదాని బొమ్మ రెండవదానిమీద లోతుగా పడును. ఈ రెంటికి భేదము తెలిసికొనుట కష్టము కాదు. వైస్‌లో నొక్కినదానిమీద పాత బొమ్మయు నలిగి క్రింద కనబడుచుండును. కొత్త గుర్తు పైపైన, తునకలుగా మాత్రమే పడును. నిజమైనదానిలో ఆ వైపు మరే బొమ్మయు ఉండదు, తిరుగబడిన బొమ్మ మాత్రమే స్పష్టముగ నుండును.

మాసిన అక్షరములు

సంవత్సరము కనబడని నాణెములను మా యొద్దకు ఎక్కువగా తెచ్చుచుందురు. అరుగుట అనునది ఎత్తైన చోట మొదలగును. సింహపు ముక్కు, అంకె నడుమ భాగము, అంచు గట్టు ముందుగా అరుగును. అవి అరిగి సంవత్సరమును అరిగినచో అది చేతులు మారి ముసలిదైన నాణెము, అంతే. సింహపు ముఖము క్రొత్తగా తళతళలాడుచుండగా, సంవత్సరమో రెండు అక్షరములో మాత్రము నున్నగా మాయమైనచో, అప్పుడు ఆలోచింపవలెను. అచ్చులోని అక్షరపు గాడిలో యంత్రపు గ్రీజు, దుమ్ము నిండినచో లోహము ఆ గాడిలోనికి పోజాలక అక్షరము పడదు. అట్టిచోట నేల నున్నగా, చుట్టుప్రక్కలవలెనే యుండును. ఎవరైన గీకి తీసినచోట భూతద్దముతో చూచినచో గీతలు గుంపుగా కనబడును, వ్రేలికి పల్లము తగులును.

బెజ్జము, నడిమి బిళ్ళ

మన భాషలో చిల్లికానీ అను మాట ఉన్నది. చేతిలో చిల్లికానీ లేదందుము. ఆ కానీకి చిల్లి ఎవరో పొడిచినది కాదు. యుద్ధకాలమున రాగి కరువగుటచేత 1943 నుండి 1947 వరకు ప్రభుత్వమే నడుమ బెజ్జముతో కానీలను వేసినది. దాని బెజ్జము చుట్టు ముద్ర అందుకు తగినట్లుగానే అమర్చబడియుండును, ఏ అక్షరమును తెగియుండదు. పిల్లల మొలత్రాడునకు కట్టుటకు పొడిచిన రూపాయిలో బెజ్జము సింహపు మెడమీదనో, అంకెమీదనో పడి, బొమ్మను కోసివేయును. వెనుకవైపు లోహపు ముళ్ళు లేచియుండును. కాసుల పేరునుండి ఊడదీసినదానికి అంచున టంకము అతికిన మరక యుండును. ఇవన్నియు తరువాత జరిగినవే.

పది రూపాయల బిళ్ళకు పైన పసుపు ఉంగరము, నడుమ తెల్లని బిళ్ళ కలవు. ముద్ర పడు దెబ్బతోనే అవి రెండును ఒకదానితో నొకటి బిగిసికొనును. నడిమి బిళ్ళ రాకముందే దెబ్బ పడినచో ఉంగరము మాత్రమే ముద్రతో బయటికి వచ్చును. అట్టిదానిలో లోపలి అంచు లోహము నడుమకు పారి వంకరగా నుండును, లోపలి అంచునకు దగ్గరి అక్షరములును సాగును. పిల్లలు మేకు పెట్టి నడిమి బిళ్ళను కొట్టి తీసినదానిలో లోపలి అంచు గుండ్రముగ, సూటిగా నిలుచును, మేకు దెబ్బల గాట్లును కనబడును. ఊడిన ఉంగరమును అపురూపమైనదని అమ్మజూపువారున్నారు. కొనకుడి.

కాటాయు, అయస్కాంతమును

కంటికి తెలియని సంగతి కాటా చెప్పును. బంగారపు కొట్టువారి కాటా గ్రాములో నూరవ వంతు చూపును. 1992 తరువాత వచ్చిన ఉక్కు రూపాయి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాముల బరువు. 2011లో వచ్చిన రూపాయి 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2019 నుండి వచ్చునది 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు. కనుక “చిన్న రూపాయి” దొరికినదని ఆశ్చర్యపడ నక్కరలేదు. 2011లో వచ్చిన రెండు రూపాయల బిళ్ళ పాత రూపాయితో సమానముగ 25 మిల్లీమీటర్లు, 4.85 గ్రాములే. చూపు మందగించిన పెద్దలు పొరబడుట అందువలననే. లెక్కించునప్పుడు మేమును అంకె చూచియే వేరుచేయుదుము.

అయిదు రూపాయలు మూడు లోహములలో నున్నవి. 1992లో వచ్చిన రాగి నికెలు మిశ్రమపు మందమైన బిళ్ళ 9 గ్రాములు. తరువాత కొంతకాలము తెల్లని ఉక్కు బిళ్ళ, ఆపైన పసుపు పచ్చని బిళ్ళ, ఒక్కొక్కటి 6 గ్రాములు వచ్చినవి. ఇవన్నియు ఉద్దేశపూర్వకముగా వేసినవే. మన ఉక్కు నాణెములను అయస్కాంతము పట్టుకొనును. రాగి రంగు రూపాయి దొరికినదని ఎవరైన చెప్పినచో అయస్కాంతము పెట్టి చూడుడి, తూకము వేయుడి. అయస్కాంతమునకు అంటి, బరువు సరిపోయినచో అది ఉక్కుమీద పూసిన పూత కావచ్చును, నిప్పులో పడి మారిన రంగు కావచ్చును. పొయ్యిలో పడిన ఉక్కు పసుపుగాను, నీలముగాను మారుట కమ్మరి కొలిమి యొద్ద కూర్చున్నవారందరు ఎరుగుదురు. బిళ్ళ అంతయు సమముగా పలుచబడి, అక్షరములు బక్కచిక్కి, బరువు తగ్గినచో ఆమ్లములో పడినదని తలంచవలెను.

మన మైదానములలో నాణెములకు కలుగు దెబ్బలకు కొదువ లేదు. చీరాల, బాపట్ల, ఒంగోలు మీదుగా పోవు రైలు పట్టాలమీద పిల్లలు నాణెములు పెట్టుట పాత ఆట. అట్లు నలిగినది కోలగా సాగి, పలుచనై, బొమ్మ ఒకే దిక్కునకు లాగబడియుండును. పాత అల్యూమినియపు పైసలు నల్లరేగడిలో ఏండ్ల తరబడి పడియుండి, దున్నినప్పుడు బయటపడును. వాటికి గుంటలు పడియుండును. అది మట్టి తిన్నదే గాని టంకసాల లోపము కాదు. అయినను దెబ్బ మచ్చలన్నియు పనికిమాలినవని అనజాలము. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమను వెండి నాణెములమీద చక్రవర్తి తలపై ఉలితో వేసిన గాట్లున్నవి. మన వినుకొండలోను రోమను బంగారు నాణెములు దొరికినవి. అట్టి పాతవాటిమీద దెబ్బయు చరిత్రకు సాక్ష్యమే. వాటిని రాచకుడి, కరిగింపకుడి, అధికారులకు తెలియజేయుడి.

లోపమును కాదు, దెబ్బయు కాదు

కొన్ని నాణెములమీద లోపమేమియు లేకున్నను పుకారు పుట్టును. పది రూపాయల బిళ్ళమీద పదిహేను గీతలున్నది దొంగదనియు, పది గీతలున్నదే మంచిదనియు ఒక మాట మన జిల్లాలలో కూడ తిరిగినది. రూపాయికి క్రొత్త గుర్తు 2010లో వచ్చినది. 2011నుండి ఆ గుర్తుతో నాణెము వేసినప్పుడు గీతల సంఖ్యయు మారినది. రెండును ప్రభుత్వపు నాణెములే. అప్పటికి వెలువడిన 14 రకముల పది రూపాయల నాణెములన్నియు చెల్లునని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినది. 2011 నాణెముల చట్టము ప్రకారము రూపాయి మొదలు పై నాణెములు వెయ్యి రూపాయల మొత్తము వరకు చెల్లుబడి యగును. అయితే ఆ నాణెము పాడుచేయబడనిదై, బరువు తగ్గనిదై యుండవలెనని అదే చట్టము చెప్పుచున్నది. చట్టము కూడ మనము అడుగు ప్రశ్ననే అడుగుచున్నది చూడుడి.

2004 తరువాత కొన్నేండ్లు వేసిన ఒక రూపాయి, రెండు రూపాయల నాణెములమీద సిలువవంటి గీతలు, నాలుగు చుక్కలు కలవు. దానిని గూర్చి కొందరు తగవు పెట్టిరి, మనలో కొందరు ప్రత్యేకముగ దాచుకొనిరి. అది భిన్నత్వములో ఏకత్వమను భావముతో వేసిన బొమ్మయని ప్రభుత్వము తెలిపినది. అది పొరపాటు కాదు, మనకొరకు వేసినదియు కాదు. 2009లో సెయింట్ అల్ఫోన్సా బొమ్మతోను, 2012లో వైష్ణోదేవి బొమ్మతోను అయిదు రూపాయల నాణెములు వచ్చినవి. ఇవి జ్ఞాపకార్థపు నాణెములు. చాల సంఖ్యలో వచ్చినవి గనుక అయిదు రూపాయలకు అయిదు రూపాయలే.

25 పైసలు, అంతకు తక్కువ నాణెములు మాత్రము 2011 జూన్ 30నుండి చెల్లవు. వాటిని కానుకలలో వేయక, పిల్లలకు చరిత్ర చెప్పుటకు ఇంటిలో ఉంచుకొనుడి.

మోసమును గూర్చి

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఫలాని నాణెమునకు లక్షలిచ్చెదమని ఫోనులలో ప్రకటనలు వచ్చుచున్నవి. ఫోటో పంపుమందురు. పంపగానే మెచ్చుకొందురు. తరువాత నమోదు రుసుమనియు, పన్ను అనియు, కమీషను అనియు కొంచెము కొంచెముగా డబ్బు అడుగుదురు. రిజర్వు బ్యాంకు పేరు కూడ వాడుకొందురు. తాము ఇట్టి వ్యవహారములు చేయమనియు, ఇందుకు రుసుముగాని, కమీషనుగాని ఎన్నడును అడుగమనియు, తమ పేర వసూలు చేయుటకు ఎవరికిని అధికారమియ్యలేదనియు రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది. పత్తికి ధర లేక, మిరపకు తెగులు వచ్చి అప్పులో నున్న ఇంటికి ఇట్టి ప్రకటన ఎంత ఆశ చూపునో మనకు తెలియును. అందుకే చెప్పుచున్నాము. నిజముగా కొనువాడు మీకు డబ్బిచ్చును, మిమ్మును డబ్బు అడుగడు.

మీకు వింత నాణెము దొరికినచో ఇట్లు చేయుడి. మొదట దానిని చింతపండుతోగాని, బూడిదతోగాని తోమకుడి. తోమినచో ఉన్న సాక్ష్యము పోవును, ఉన్న విలువయు తగ్గును. వెలుతురులో వాలుగా పట్టి చూడుడి. గీత ఉబ్బెనా, లోతా? కొరతకు ఎదుటి అంచు ఎట్లున్నది? త్రిప్పినప్పుడు నిటారుగా నున్నదా? బరువు సరిపోయినదా? అదే రకపు మంచి నాణెమును ప్రక్కన పెట్టి పోల్చుడి. టంకసాల యంత్రములో ఇది ఎట్లు జరుగగలదో మీకు మీరు చెప్పుకొనుడి. చెప్పుకొనలేకపోతిరా, దెబ్బయని తలంచుటయే క్షేమము. చెప్పుకొనగలిగితిరా, కాగితములో చుట్టి ఉంచి, నాణెముల సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురికి చూపించుడి. ఒక్కరి మాటమీద అమ్మకుడి, ఒక్కరి మాటమీద కొనకుడి. డబ్బుకొరకు మంచి నాణెమును కోసి, రాచి లోపమున్నట్లు చేయుట మాత్రము మోసమే. నాణెములను కరిగించుట, నాశనము చేయుట పైన చెప్పిన చట్టము ప్రకారము శిక్షకు పాత్రము.

కానుకల బల్లయొద్ద మేము అనుసరించు పద్ధతిని కూడ చెప్పి ముగింతుము. మూడు పళ్ళెములు పెట్టుకొందుము. మంచి నాణెములు మొదటి పళ్ళెములో వేయుదుము. అరిగినను, సొట్టపోయినను, అంకె కనబడునవి రెండవదానిలో వేసి బ్యాంకుకు తీసికొనిపోవుదుము. అన్ని విలువల నాణెములను తమ శాఖలలో తీసికొనవలెనని బ్యాంకులకు రిజర్వు బ్యాంకు ఆదేశమున్నది. టంకసాల లోపమేమో అని అనుమానము గలవి మూడవదానిలో వేసి, కోశాధికారి ఎదుట పుస్తకములో వ్రాసి ఉంచుదుము. అట్టిదానిని మాలో ఎవరును తన జేబులోని రూపాయితో మార్చుకొనరు. అది కానుక ఇచ్చినవారిది కాదు, లెక్కించినవారిది కాదు, సంఘముది.

చేతితో నాణెములు కొట్టిన కాలములో ముద్ర ప్రక్కకు జరుగుట సామాన్యము. మన ధరణికోట, అమరావతి ప్రాంతములలో దొరికిన శాతవాహనుల సీసపు నాణెములలోను అట్టివి కలవు. యెరూషలేము దేవాలయపు కానుక పెట్టెలో బీద విధవరాలు వేసిన రెండు కాసులవంటి ఆ కాలపు చిన్న రాగి నాణెములు నేడును దొరకుచున్నవి. వాటిలో చాలవాటికి ముద్ర సగమే పడినది, అంచు సరిగా లేదు. అయినను ఆ కాలములో అవి చెల్లినవి, ఆమె కానుకయు అంగీకరింపబడినది. కాబట్టి వచ్చే ఆదివారము మీ చేతికి వంకర నాణెము వచ్చినచో, అది తెచ్చినవారిని చిన్నచూపు చూడక, ముందు దానిని వెలుతురులో త్రిప్పి చూడుడి. సందేహమున్నచో మా బల్లయొద్దకు తీసికొనిరండి. భూతద్దము, కాటా, అయస్కాంతము అక్కడ ఉంచియున్నాము. యౌవనుల సమాజములో ఆసక్తిగలవారు ఇద్దరు వచ్చి ఈ పని నేర్చుకొన్నచో మిక్కిలి సంతోషింతుము.